పాత క్యాబినెట్, కొత్త ప్రాసెసర్, ఎ.ఎస్. రావు గారు

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మూత తీశాను. మా ఇల్లు గాజువాకలో. మేడ మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి వాటి మీద సన్నటి నల్లదుమ్ము చేరుతుంది. వైజాగ్‌లో పోర్టు వైపు, ప్లాంటు వైపు ఉండేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. పదమూడేళ్ళుగా ఆ దుమ్ము క్యాబినెట్ లోపల కూడా చేరింది. ఫ్యాన్ రెక్కలు కనబడట్లేదు. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండిపోయి సున్నంలా రాలింది.

ఆ కంప్యూటర్ నాన్న కొన్నది 2012లో, నేను ఒకటో క్లాసులో ఉన్నప్పుడు. ఇంటెల్ కోర్ ఐ3-2120, రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, ఒక హార్డ్ డిస్క్. ఇప్పుడు చెల్లి ఇంటర్‌లోకి వచ్చింది, దానికి ఇంట్లో ఒక కంప్యూటర్ కావాలి. కొత్తది కొనాలంటే తక్కువలో తక్కువ ముప్పై, నలభై వేలు. నాన్న ఏమీ అనలేదు కానీ మనసులో లెక్కలు వేసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. నా ఫీజు కోసం చేసిన అప్పే ఇంకా తీరలేదు. అందుకని ఒక సెకండ్ హ్యాండ్ షాపులో అదే సాకెట్‌లో పట్టే ఐ5-3470 తెచ్చాను. నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్, ధర రెండు వేల లోపే. సీఎస్ఈ చదివే కొడుకు ఇంట్లో ఉంటే ఏంటి లాభమో చూపించే ఛాన్స్ వచ్చిందని తెగ సంబరపడ్డాను.

పాతది తీసి, కొత్తది పెట్టి, పేస్ట్ రాసి, ఫ్యాన్ బిగించి స్విచ్ వేశాను. ఫ్యాన్ గిర్రున తిరిగింది. మానిటర్ మీద మాత్రం ఏమీ రాలేదు. చెల్లి వెనకాలే నిలబడి చూస్తోంది. అమ్మ వంటింట్లోంచి పాడైపోయిందా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి రెండింటి దాకా కూర్చుంటే అర్థమైంది, తప్పు నాదే. మా మదర్‌బోర్డు రెండో తరం ప్రాసెసర్ల కాలంలో తయారైంది. నేను తెచ్చింది మూడో తరం. రెండిటికీ సాకెట్ ఒకటే, ఎల్‌జీఏ 1155, కాబట్టి చక్కగా కూర్చుంటుంది. కానీ బోర్డులో ఉన్న బయోస్‌కి ఈ కొత్త ప్రాసెసర్ ఎవరో తెలీదు. ముందు బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. ఆ అప్‌డేట్ నడపడానికి మళ్ళీ ఒక ప్రాసెసర్ కావాలి కదా! అంటే పాత ప్రాసెసర్ ఉండగానే, దాని చేతే, కొత్త ప్రాసెసర్‌కి కావాల్సిన ఏర్పాట్లు చేయించాలి. నేను పాతదాన్ని ముందే పీకేశాను.

ఆ రాత్రి నాకు ఎ.ఎస్. రావు గారు గుర్తొచ్చారు. ఎవరా ఎ.ఎస్. రావు అంటారేమో, చెప్తాను. హైదరాబాద్‌లో మా పిన్ని వాళ్ళిల్లు ఎ.ఎస్. రావు నగర్‌లో. చిన్నప్పట్నుంచీ అక్కడికి వెళ్తున్నాను. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్‌లో బస్సు దిగి నడిచాను, ఆటో ఎక్కాను. ఆ పేరు ఏ రాజకీయ నాయకుడిదో అనుకున్నాను. సెకండ్ ఇయర్‌లో కంప్యూటర్ ఆర్గనైజేషన్ సెమినార్ కోసం మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్ల గురించి చదువుతుంటే ఆ పేరు మళ్ళీ ఎదురైంది. ఆయన రాజకీయ నాయకుడు కాదు. నేను చేసిన పనిని మొత్తం దేశానికి చెయ్యబోయిన ఇంజనీరు. నాలాగా పాతదాన్ని తొందరపడి పీకెయ్యలేదు కూడా.

మొగల్లు నుంచి స్టాన్‌ఫర్డ్

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టారు. ఆ ఊరి పేరు ఎక్కడో విన్నట్టుందా? అల్లూరి సీతారామరాజు గారి సొంతూరు అది. అల్లూరి పుట్టింది మన విశాఖ వైపు పాండ్రంగిలో అయినా ఇంటిపట్టు మొగల్లే. ఒకే ఊరి నుంచి ఒకాయన మన్యం కొండలకి వెళ్ళారు, ఇంకొకాయన వాక్యూమ్ ట్యూబుల వైపు వెళ్ళారు.

సాంబశివరావు గారు కాశీ వెళ్ళి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశారు. అక్కడే ఆరేళ్ళు పాఠాలు చెబుతూ, పరిశోధన చేస్తూ ఉన్నారు. ఆ రోజుల్లో అక్కడ వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, అంతకుముందు మన ఆంధ్రా యూనివర్సిటీకి వీసీగా పనిచేసినాయన. 1946లో సాంబశివరావు గారికి టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. ఎలక్ట్రానిక్స్ చదవడానికి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వెళ్ళారు.

ఆ సంవత్సరం గుర్తు పెట్టుకోండి. 1946 ఫిబ్రవరిలోనే ఎనియాక్ గురించి ప్రపంచానికి తెలిసింది. దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, ముప్పై టన్నుల బరువు. ట్రాన్సిస్టర్ ఇంకా పుట్టలేదు, అది బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబర్‌లో వచ్చింది. అంటే ఈయన ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నది గాజు బల్బుల్లాంటి ట్యూబుల మీద. తర్వాత ఉద్యోగ జీవితంలో ట్రాన్సిస్టర్ వచ్చింది, ఐసీ వచ్చింది, మైక్రోప్రాసెసర్ వచ్చింది. ఒక్క మనిషి ఒక్క జీవితంలో ఇన్నిసార్లు తన చదువునే అప్‌గ్రేడ్ చేసుకోవాల్సి వచ్చింది. మనం ఒక్క సిలబస్ మారితేనే గోల పెడతాం.

లెక్కపెట్టే సర్క్యూట్లు

తిరిగొచ్చాక బొంబాయిలో హోమీ భాభా గారి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. పని కాస్మిక్ కిరణాల మీద. అంతరిక్షం నుంచి వచ్చే కణం గీగర్ కౌంటర్‌లోంచి వెళ్తే ఒక చిన్న కరెంటు పల్స్ వస్తుంది. దాన్ని పెద్దది చెయ్యాలి, లెక్కపెట్టాలి. పల్సులు వేగంగా వస్తే మెకానికల్ మీటర్ అందుకోలేదు. అందుకని రెండు పల్సులకి ఒకటి, నాలుగుకి ఒకటి, ఎనిమిదికి ఒకటి అని తగ్గించే సర్క్యూట్లు పెడతారు. వాటిని స్కేలర్లు అంటారు.

డిజిటల్ లాజిక్ ల్యాబ్ చేసినవాళ్ళకి ఈపాటికి వెలిగి ఉంటుంది. అవి మన ఫ్లిప్‌ఫ్లాపులే, బైనరీ కౌంటరే! అణుభౌతిక శాస్త్రం చేసేవాళ్ళు కంప్యూటర్ల వైపు ఎందుకు వచ్చారో నాకు అప్పటిదాకా తెలీదు. వాళ్ళు రోజూ సోల్డర్ చేసే సర్క్యూట్లే కంప్యూటర్‌కి ఇటుకలు.

1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ మొదలైంది, ఇప్పటి బార్క్ అదే. అక్కడ ఎలక్ట్రానిక్స్ విభాగం బాధ్యత సాంబశివరావు గారిది. పరికరాలు కావాలంటే విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు, కానీ విదేశీ డబ్బు కరువు. పైగా అణుశక్తికి సంబంధించినవి అడగ్గానే ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా పాడైతే బాగుచెయ్యడానికి మళ్ళీ వాళ్ళే రావాలి. అందుకని రేడియేషన్ కొలిచే మీటర్ల దగ్గర్నుంచి ఇక్కడే తయారు చేసుకోవడం మొదలుపెట్టారు.

1956 ఆగస్టు 4న అప్సర రియాక్టర్ పనిచెయ్యడం మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ని పక్కన పెడితే ఆసియాలో అదే మొదటిది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని నడిపే కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ మాత్రం ట్రాంబేలో సాంబశివరావు గారి విభాగం చేసింది. రియాక్టర్ కంట్రోల్ అంటే న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో క్షణక్షణం లెక్కపెట్టాలి, ఎక్కువైతే కంట్రోల్ రాడ్లు దించాలి, సర్క్యూట్ పాడైనా సరే రాడ్లు వాటంతట అవే పడిపోవాలి. ప్రోగ్రామ్ క్రాష్ అయితే రీస్టార్ట్ చేద్దాం అనుకునే మన అలవాటు అక్కడ కుదరదు. అలాంటి పని నేర్చుకున్న మనుషులు ఒక జట్టుగా ట్రాంబేలో తయారయ్యారు. ఆయనకి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చాయి.

అద్దె మిషన్లు

ఆ కాలంలో మన దేశంలో కంప్యూటర్ అంటే చాలావరకు ఐబీఎం. అందులోనూ ఎక్కువగా 1401. అది 1959 మోడల్. 1964లో ఐబీఎం కొత్త సిస్టమ్/360 తెచ్చాక అమెరికాలో 1401లు పాతబడ్డాయి. అక్కడ వాడి పక్కన పెట్టిన వాటిని ఇక్కడికి తెచ్చి, బాగుచేసి, అద్దెకి ఇచ్చారు. మిషన్ మీది కాదు, నెలనెలా అద్దె కట్టాలి, మూత తీసేది కంపెనీ ఇంజనీరే. ఒక మాట ఒప్పుకోవాలి, మన మొదటి తరం ప్రోగ్రామర్లలో చాలామంది పని నేర్చుకున్నది ఆ మిషన్ల మీదే. కానీ పని నేర్చుకోవడం వేరు, మిషన్ లోపల ఏముందో తెలుసుకోవడం వేరు. అద్దె ఇంట్లో మేకు కొట్టాలంటేనే ఇంటాయన్ని అడగాలి కదా, అలా.

1962 చైనా యుద్ధం తర్వాత ఎలక్ట్రానిక్స్‌లో మనం ఎంత వెనకబడ్డామో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు. భాభా కాకుండా ఉన్న ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్ళు! రాబోయే పదేళ్ళలో దేశానికి ఏమేం కావాలో, అందులో ఏవి ఇక్కడే తయారు కావాలో లెక్క కట్టి 1966లో నివేదిక ఇచ్చారు. ఆ జనవరి 24నే భాభా ఆల్ప్స్ కొండల్లో విమాన ప్రమాదంలో పోయారు. నివేదికలో రాసినదాన్ని చేతల్లోకి తేవడం మిగిలినవాళ్ళ మీద పడింది.

1966 అంటే మన విశాఖ వాళ్ళకి ఇంకోటి గుర్తుకు రావాలి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఉద్యమం జరిగిన ఏడు అది. నవంబర్ 1న ఇక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మన ఊళ్ళో ఉక్కు కోసం జనం రోడ్డెక్కిన ఆ రోజుల్లోనే, చప్పుడు లేకుండా ట్రాంబేలో ఇంకో ఫ్యాక్టరీకి కాగితాలు సిద్ధమవుతున్నాయి. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అదే ఈసీఐఎల్, మొదలైంది. దాన్ని నిలబెట్టే బాధ్యత ఎ.ఎస్. రావు గారిదే.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆయన కొత్త కంపెనీని సున్నా నుంచి మొదలుపెట్టలేదు. ట్రాంబేలో అప్పటికే పరికరాలు తయారుచేస్తున్న యూనిట్‌నే పునాదిగా తీసుకుని హైదరాబాద్‌లో కట్టారు. రియాక్టర్ మీటర్లు చేసిన చేతులే కంప్యూటర్ చెయ్యాలి. పాత ప్రాసెసర్ మీద బయోస్ అప్‌డేట్ నడిపినట్టు! నేను రాత్రి రెండింటికి నేర్చుకున్న పాఠం ఆయనకి ముందే తెలుసు.

12 బిట్లు, 16 బిట్లు

1969లో టీడీసీ-12 వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని పూర్తి పేరు. డిజైన్ ట్రాంబేది, తయారీ ఈసీఐఎల్‌ది. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్ అదే. టీఐఎఫ్ఆర్‌లో 1960 నాటికే టిఫ్రాక్ పనిచేస్తోంది కానీ అది ఒక్కటే, అమ్మడానికి చేసింది కాదు.

12 అంటే 12 బిట్ల పదం. అమెరికాలో డెక్ కంపెనీ 1965లో తెచ్చిన పీడీపీ-8 కూడా 12 బిట్లదే. 12 బిట్లతో నేరుగా చూపించగలిగిన మెమరీ చోట్లు 4,096. ఈ వ్యాసంలో అక్షరాలన్నీ అందులో పట్టవు. అయినా ప్రయోగశాలలో ఒక పరికరాన్ని నడపడానికి, కొలతలు తీసుకుని లెక్క కట్టడానికి సరిపోతుంది. ట్రాంబే వాళ్ళకి కావాల్సింది మొదట అదే.

తర్వాత 1970ల మధ్యలో టీడీసీ-312 వచ్చింది, అదీ 12 బిట్లదే. దాని వెనకే టీడీసీ-316, ఇది 16 బిట్లది. 16 బిట్లంటే చూపించగలిగిన చోట్లు 65,536. నాలుగు బిట్లు పెరిగితే చోట్లు పదహారు రెట్లు పెరిగాయి. 1978లో మైక్రో-78 వచ్చింది, అది మైక్రోప్రాసెసర్ మీద నడిచేది. గదిలో బీరువాల్లా నిలబడ్డ ప్రాసెసర్ నుంచి చేతివేలి మీద పెట్టుకునే చిప్ దాకా, తొమ్మిదేళ్ళలో ఒకే ఫ్యాక్టరీ ఈ దారంతా నడిచింది.

మనం చేసే అప్‌గ్రేడ్‌కీ దీనికీ తేడా ఏంటంటే, మనం ఇంకొకరు చేసిన ప్రాసెసర్ తీసి ఇంకొకరు చేసిన ప్రాసెసర్ పెడతాం. వాళ్ళు ప్రాసెసరే తయారు చేశారు. ఏ రిజిస్టర్ ఎక్కడుందో, ఏ వైరు ఎందుకు వెళ్తోందో తెలిసినవాళ్ళు మన ఊళ్ళ పేర్లతో, మన ఇంటిపేర్లతో ఉన్నారు. పాడైతే మూత తీసి చూసుకోగలరు.

ఆయనకి 1972లో పద్మభూషణ్ వచ్చింది. ఈసీఐఎల్ కంప్యూటర్లతో ఆగలేదు. అణు విద్యుత్ కేంద్రాలకి కంట్రోల్ పరికరాలు చేసింది, టీవీలు చేసింది. మీ తాతయ్యగారిని అడగండి, ఈసీ టీవీ గుర్తుండే ఉంటుంది. ఎన్నికల సంఘం అడిగితే 1979లో ఓటింగ్ మిషన్ నమూనా చేసిందీ ఆ సంస్థే. మొన్న నేను మొదటిసారి ఓటు వేసినప్పుడు నొక్కిన బటన్ వెనక కథ అక్కడిదాకా వెళ్తుంది.

ఆమ్‌డాల్ లెక్క

ఇక్కడితో ఆపేస్తే ఇది ఆగస్టు 15 ఉపన్యాసం అవుతుంది. ఆపను, ఎందుకంటే టీడీసీలు గెలవలేదు. 1971 నుంచి 1978 వరకు అమ్ముడైనవి వందకు లోపే. కొన్నది ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు. ఆ దశాబ్దం చివర్లో ప్రైవేటు కంపెనీలకి మినీ కంప్యూటర్ల లైసెన్సులు ఇచ్చారు. హెచ్‌సీఎల్ లాంటివి వచ్చాయి, బయట దొరికే చిప్‌లతో త్వరగా, చవగ్గా తయారుచేశాయి. కొనేవాళ్ళు అటు వెళ్ళారు. ఈసీఐఎల్ కంప్యూటర్లు ఆలస్యం, ఖరీదు అన్న విమర్శ అప్పుడే ఉంది, అందులో నిజం కూడా ఉంది.

ఎందుకలా అయింది? నాకు తోచిన జవాబు మన సిలబస్‌లోనే ఉంది. జీన్ ఆమ్‌డాల్ అనే ఆయన 1967 ఏప్రిల్‌లో ఒక కాన్ఫరెన్స్‌లో చిన్న పేపర్ ఇచ్చారు. సరిగ్గా ఈసీఐఎల్ పుట్టిన నెల! పరీక్షల్లో మనం రాసే ఆమ్‌డాల్ సూత్రం అందులోంచి వచ్చిందే. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగంగా చేసినా, మిగతా భాగం అలాగే ఉంటే మొత్తం లాభం అంతంతమాత్రమే.

మా డెస్క్‌టాప్‌నే తీసుకోండి. ఆన్ అవ్వడానికి 100 సెకన్లు పడుతుందనుకుందాం. అందులో ప్రాసెసర్ పని 30 సెకన్లు, హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూపు 70 సెకన్లు అనుకుందాం. ప్రాసెసర్ వేగం రెట్టింపు చేస్తే 30 కాస్తా 15 అవుతుంది, మొత్తం 85. ప్రాసెసర్ వేగాన్ని అనంతం చేసినా 70 కంటే తగ్గదు. నేను రెండు వేలు పెట్టింది ఆ 30 మీద. అసలు జబ్బు ఆ 70లో ఉంది.

ఈసీఐఎల్ కథ కూడా ఇదేనని నాకు అనిపిస్తుంది. ప్రాసెసర్ ఇక్కడ చేశారు. ప్రింటర్లు, టేప్ డ్రైవ్‌ల లాంటివి చాలావరకు బయటి నుంచి రావాలి. వాటికి దిగుమతి లైసెన్సు కావాలి, విదేశీ డబ్బు కావాలి, ఫైలు కదలాలి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు తక్కువ. ఐబీఎం మిషన్ కొన్నవాడికి దానితోపాటు ప్రపంచమంతా రాసిన ప్రోగ్రాములు దొరుకుతాయి, టీడీసీ కొన్నవాడు మొదట్నుంచీ రాసుకోవాలి. ఎ.ఎస్. రావు గారు ఆ 30 సెకన్ల భాగాన్ని పట్టుకుని ప్రాణం పెట్టి తగ్గించారు. మిగతా 70 ఆయన ఒక్కడి చేతిలో లేదు.

మరి ఆయన ఓడిపోయినట్టా? సెమినార్‌లో ఒక ఫ్రెండ్ నన్ను ఇదే అడిగాడు, అప్పుడు తడబడ్డాను. ఇప్పుడైతే ఇలా చెప్తాను. 1978లో ఐబీఎం మన దేశం నుంచి వెళ్ళిపోయింది. అద్దె మిషన్లు ఇక్కడే ఉన్నాయి, వాటిని చూసుకునే కంపెనీ లేదు. అప్పుడు సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థలో మన ఇంజనీర్లే వాటి మూతలు తీసి నడిపించారు. కంప్యూటర్ అనేది మనం ముట్టుకోకూడని వస్తువు అనే భయం అప్పటికి పోయింది. ఆ భయం పోగొట్టినవాళ్ళలో ఈసీఐఎల్ వాళ్ళు ముందున్నారు. హైదరాబాద్‌లో కుషాయిగూడ, చర్లపల్లి చుట్టూ చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వెలిశాయి. సోల్డరింగ్ నేర్చుకున్నవాళ్ళు, సర్క్యూట్ చదవగలిగినవాళ్ళు ఒక తరం తయారయ్యారు. అమ్మిన మిషన్ల లెక్కలో ఇవి రావు. బయోస్ అప్‌డేట్ చేస్తే కూడా స్పీడ్ టెస్టులో ఒక్క పాయింటు పెరగదు. కానీ అది చెయ్యకపోతే తర్వాత వచ్చే ప్రాసెసర్ పట్టదు.

ఇందులో నాకు పూర్తిగా మింగుడుపడని విషయం ఒకటి ఉంది. ఆ తర్వాత మనం సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళిపోయాం, మా క్లాసులో అరవై మందిమీ దాని కోసమే చేరాం. మా ఇంట్లో నేను తీసిన ప్రాసెసర్, పెట్టిన ప్రాసెసర్, రెండూ బయటివే. 1969లో మొదలైన దారి మధ్యలో ఎక్కడో సన్నబడిపోయింది. దాన్ని మళ్ళీ వెడల్పు చెయ్యడం ఒక్క ప్రాసెసర్ డిజైన్‌తో అయ్యే పని కాదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. మిగతా 70ని కూడా ఎవరో పట్టించుకోవాలి.

ఎ.ఎస్. రావు గారు 2003లో చనిపోయారు, నేను పుట్టడానికి మూడేళ్ళ ముందు. ఈసీఐఎల్ ఉద్యోగుల కోసం వచ్చిన కాలనీకి ఆయన పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ షాపింగ్ మాల్స్, బిర్యానీ హోటళ్ళు, కోచింగ్ సెంటర్లు. బస్సు బోర్డు మీద పేరు చదివి దిగేవాళ్ళలో ఆయన ఎవరో తెలిసినవాళ్ళు ఎంతమందో! నేనే పద్దెనిమిదేళ్ళు తెలియకుండా దిగాను.

ఇక మా డెస్క్‌టాప్ సంగతి. మర్నాడు పొద్దున్నే ఐ5 తీసేసి పాత ఐ3 మళ్ళీ పెట్టాను. బోర్డు పాత స్నేహితుణ్ణి చూసినట్టు వెంటనే లేచింది. బయోస్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుంది, మా ఇంట్లో యూపీఎస్ లేదు. పక్కింటి అంకుల్ వాళ్ళది అడిగి తెచ్చాను. ఆ మూడు నిమిషాలు అమ్మని మిక్సీ వెయ్యొద్దని బతిమాలాను. అయిపోయాక ఐ5 పెడితే మానిటర్ వెలిగింది. చెల్లి చప్పట్లు కొట్టింది. ఆన్ అవ్వడానికి పట్టే టైం మాత్రం పెద్దగా తగ్గలేదు, ఆమ్‌డాల్ గారు చెప్పినట్టే. తర్వాతి నెల మెస్ ఖర్చు మిగిల్చి ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేశాక అసలైన తేడా తెలిసింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, ఆన్ చేసి, ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేసి చూసుకుని కాఫీ తాగడానికి వెళ్ళారు. మా ఇంట్లో అది పెద్ద మెచ్చుకోలు.

పాత ఐ3ని పారెయ్యలేదు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో దూది పెట్టి హాస్టల్‌కి తెచ్చుకున్నాను. మీలో ఎవరింట్లోనైనా ఎల్‌జీఏ 1155 బోర్డు ఉండి, బయోస్ అప్‌డేట్ చెయ్యడానికి పాత ప్రాసెసర్ లేక ఆగిపోయి ఉంటే క్లబ్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. తెచ్చిస్తాను. పని అయ్యాక మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి, దానికి ఇంకా పని ఉంది.